నడుం నొప్పికి ఆస్టియోపతీ సిట్టింగులు పూర్తి చేయాలా, వ్యాయామం మొదలుపెట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీకు 43 ఏళ్లు, హైస్కూలు టీచరు. మూడేళ్లుగా నడుం నొప్పి. అప్పుడప్పుడు ఎడమ పిర్ర దాకా లాగుతుంది కానీ కాలి కిందికి దిగదు, తిమ్మిరి లేదు. ఎమ్మారైలో ఎల్4–ఎల్5 దగ్గర, అంటే నడుములోని నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ ఉబ్బిందని, ఎండిపోయిందని రాశారు. ఒక ఆస్టియోపతీ (చేతులతో నొక్కి, సాగదీసి, కీళ్లను కదిపే చికిత్స) కేంద్రంలో ‘తొంటి ఎముక పక్కకు జరిగింది, సర్దుతాం’ అని 20 సిట్టింగుల ప్యాకేజీ కట్టించుకున్నారు. సగం అయ్యాయి. చేయించుకున్న రోజు హాయిగా ఉంటుంది, మూడో రోజుకు నొప్పి మళ్లీ మొదటికి వస్తుంది. మిగిలినవి పూర్తి చేయాలా, వ్యాయామం మొదలుపెట్టాలా, మొదలుపెడితే డిస్క్ ఇంకా జారిపోతుందా, కింద కూర్చోవడం మానేయాలా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: వ్యాయామం ఈ వారమే మొదలుపెట్టండి. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే డిస్క్ జారిపోతుందని భయపడాల్సింది ఏమీ లేదు. చేతి చికిత్స వల్ల వచ్చే రెండు మూడు రోజుల హాయి నిజమే, దాన్ని కాదనను. కానీ ఆ హాయిని విశ్రాంతికి ఖర్చు చేస్తే మూడో రోజు మళ్లీ అక్కడికే వస్తారు. ఆ రోజుల్లోనే నడక, వ్యాయామం చేస్తే ముందుకు జరుగుతారు. మిగిలిన సిట్టింగులన్నీ చేయించుకోవాల్సిన పని లేదు. కింద కూర్చోవడం మానక్కర్లేదు, దాని గురించి చివర్లో రాస్తాను.

నేను ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది నెలలు, ఏళ్ల తరబడి నడుం, మెడ, భుజం నొప్పులతో బాధపడేవారే. ఆస్టియోపతీ చేతి పద్ధతుల్లోనూ శిక్షణ తీసుకున్నాను, వాటిని రోజూ వాడతాను. అందువల్ల ఇది ఆస్టియోపతీని తప్పుపడుతూ రాస్తున్నది కాదు. ఆ చేతులు ఏం చేయగలవో, ఏం చేయలేవో మీకు ఎవరూ విడమరిచి చెప్పినట్టు లేదు. సగం ప్యాకేజీ అయ్యాక కూడా ‘ఎముక మళ్లీ జరిగిందేమో’ అని మీరు రాశారు చూడండి, ఆ వాక్యం చదివి నాకు బాధ కలిగింది.

ఎముక జరగలేదు. తొంటి ఎముకకు, వెన్ను చివర ఉండే త్రికాస్థికి మధ్య ఒక కీలు ఉంటుంది. సాక్రోఇలియాక్ కీలు అంటారు. మన శరీరంలో అత్యంత బలమైన లిగమెంట్లు (ఎముకలను కలిపి ఉంచే పట్టీలు) దాన్ని అన్ని వైపుల నుంచీ బిగించి ఉంచుతాయి. మామూలు మనిషిలో ఆ కీలు కదిలేది ఒకటి రెండు మిల్లీమీటర్లు. బస్సులో కుదుపు వచ్చినా, బకెట్ ఎత్తినా అది పక్కకు తప్పుకోదు. 1998లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఎముకల్లో చిన్న లోహపు గుర్తులు అమర్చి, చికిత్సకు ముందూ తర్వాతా ఎక్స్‌రేలతో కచ్చితంగా కొలిచారు. చేత్తో పరీక్షించినప్పుడు ‘సర్దుకుంది’ అనిపించింది. కొలతల్లో మాత్రం కీలు ఉన్న చోటే ఉంది. ఒకే మనిషిని ఇద్దరు చికిత్సకులు విడివిడిగా పరీక్షిస్తే, ఎక్కడ జరిగిందనే విషయంలో వారి మాటలు తరచుగా కలవవు. ఇది మా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతే. రోగికి చెప్పేవారు తక్కువ.

మరి ఆ ‘టప్’ మన్న శబ్దం? కీలులో ఉండే ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి, వాయువుతో నిండిన ఖాళీ ఏర్పడినప్పుడు వచ్చే శబ్దం అది. 2015లో కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు వేళ్లు విరిచేటప్పుడు ఎమ్మారై తీసి దీన్ని కళ్లకు కట్టారు. శబ్దం వచ్చినంత మాత్రాన ఏదీ చోటికి చేరినట్టు కాదు, రాకపోతే చికిత్స విఫలమైనట్టూ కాదు.

ఎముక జరగకపోతే హాయి ఎందుకు వచ్చిందని మీరు అడగవచ్చు. నొప్పి ఉన్నచోట కండరాలు కాపలాగా బిగుసుకుని ఉంటాయి. నెమ్మదిగా నొక్కినా, సాగదీసినా, ఒక్కసారిగా కీలును కదిపినా ఆ చోటు నుంచి నరాల ద్వారా వెన్నుపాముకు, మెదడుకు కొత్త సంకేతాలు వెళ్తాయి. కాసేపు బిగువు సడలుతుంది, నొప్పి తీవ్రత తగ్గుతుంది, వంగడం తేలికవుతుంది. దీనికి తోడు ఒకరు శ్రద్ధగా మన మాట విని, చేయి వేసి, తగ్గుతుందని ధైర్యం చెప్పడం. వీటి ప్రభావం గంటల నుంచి కొన్ని రోజుల వరకు ఉంటుంది. మీ అనుభవం సరిగ్గా ఇదే.

మన ఊళ్లలో నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత తన్నించుకునే అలవాటు ఇంకా ఉంది. ‘వెంటనే తగ్గింది సార్’ అని చెప్పేవారు ఇప్పటికీ వస్తుంటారు. అప్పటికప్పుడు పట్టేసిన నడుం చాలామందిలో కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లో దానంతట అదే సడలుతుంది. ఆ మధ్యలో ఏం చేసినా ఘనత దానికే దక్కుతుంది. కాకపోతే ఎముకలు గుల్లబారిన ముసలివారికి ఈ పని చేయిస్తే వెన్నుపూస విరగవచ్చు. పెద్దవాళ్లు ఉన్న ఇళ్లవారు దయచేసి దీన్ని గుర్తుంచుకోండి.

చేతి పద్ధతులన్నీ ఒకటి కావు. మీకు చేసినవి ఏవో ఈ వివరాలతో పోల్చుకోండి. కాలును ఒక స్థితిలో పట్టుకుని ‘నా చేతికి ఎదురు నెట్టండి’ అని కొన్ని సెకన్లు నెట్టించి, వదలగానే ఇంకాస్త సాగదీస్తే అది మజిల్ ఎనర్జీ పద్ధతి. మీ కండరమే పని చేస్తుంది కాబట్టి సురక్షితం. నేను ఎక్కువగా వాడేది ఇదే. నొప్పి ఉన్న బిందువును వేలితో పట్టుకుని, నొప్పి తగ్గే భంగిమలోకి శరీరాన్ని మడిచి సుమారు 90 సెకన్లు అలాగే ఉంచితే కౌంటర్‌స్ట్రెయిన్ అంటారు. భయంతో బిగుసుకుపోయినవారికి ఇది బాగా పనికొస్తుంది. పక్కకు పడుకోబెట్టి ఒక్క ఉదుటున తిప్పేది థ్రస్ట్. ఇది నడుముకు, సరిగ్గా పరీక్షించాక, తగినవారికి చేస్తే పెద్దగా ప్రమాదం లేదు. మెడకు మాత్రం ఈ ఉదుటు చికిత్స చేయించుకోవద్దని నా సలహా. అరుదుగానే అయినా, మెడలోంచి మెదడుకు వెళ్లే రక్తనాళం లోపలి పొర చీలి పక్షవాతం వచ్చిన ఘటనలు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి. మెడ నొప్పికి అంతకంటే నెమ్మదైన పద్ధతులు ఉండగా ఆ ప్రమాదం ఎందుకు? ఇక తల ఎముకలను సున్నితంగా పట్టుకుని ‘లయ సరిచేస్తాం’ అనే కపాల చికిత్సకు నమ్మదగిన ఆధారం నాకు కనబడలేదు. నేను చేయను.

అర్హత గురించి కూడా ఒక మాట. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు 1874లో అమెరికాలో ఆస్టియోపతీని ప్రతిపాదించి, 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో మొదటి కళాశాల పెట్టారు. ఈనాడు అమెరికాలో డీఓ (ఆస్టియోపతీ వైద్య పట్టా) ఉన్నవారు అక్కడి మామూలు వైద్య పట్టా అయిన ఎండీ ఉన్నవారితో సమానంగా మందులు రాసే, శస్త్రచికిత్సలు చేసే వైద్యులు. బ్రిటన్‌లో 1993 నాటి చట్టం ప్రకారం నమోదు చేసుకున్నవారే ఆస్టియోపాత్ అని పేరు పెట్టుకోవాలి. అమెరికాలోనో లండన్‌లోనో ఉన్న బంధువులు ‘మా ఆస్టియోపాత్ ఇలా చెప్పాడు’ అంటే వారు చెప్పేది అలాంటి మనిషి గురించి. ఇక్కడ బోర్డు మీద అదే పేరు ఉన్నా, వెనక ఏళ్ల చదువు ఉండవచ్చు, వారాంతపు శిక్షణ ఒక్కటే ఉండవచ్చు. అడగడానికి మొహమాటపడకండి. కనీసం ఫిజియోథెరపీలో బీపీటీ లేదా ఎంపీటీ చదివారా అన్నది తెలుసుకోండి.

ఫలితాల మాటకొస్తే, 1999లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో 12 వారాల తర్వాత ఆస్టియోపతీ తీసుకున్నవారూ, మామూలు వైద్యం తీసుకున్నవారూ సుమారుగా ఒకే మేరకు కోలుకున్నారు. ఆస్టియోపతీ వైపువారికి మందులు తక్కువ పట్టాయి. అది చిన్న లాభం కాదు. 2021లో ఫ్రాన్స్‌లో 400 మందిపై చేసిన అధ్యయనంలో సగం మందికి నిజమైన చికిత్స, సగం మందికి ఊరికే చేయి ఆనించే ఉత్తుత్తి చికిత్స ఇచ్చారు. పనులు చేసుకోవడంలో నిజమైన చికిత్స వైపు కొంచెం మెరుగు కనబడింది కానీ, రోజువారీ జీవితంలో తెలిసేంత తేడా కాదు. నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2004లో బ్రిటన్‌లో 1,334 మందితో చేసిన పెద్ద అధ్యయనం నాకు బాగా నచ్చుతుంది. చేతి చికిత్స తర్వాత వ్యాయామం చేయించినవారికి మూడు నెలల్లో ఓ మోస్తరు మేలు, ఏడాదికి చిన్న మేలు కనబడింది. వ్యాయామ తరగతులకు మాత్రమే వెళ్లినవారికి మూడు నెలలకు ఉన్న కొద్దిపాటి మేలు ఏడాదికి నిలవలేదు. ఇది దాచాల్సిన విషయం కాదు. తరగతి ముగిశాక ఇంట్లో ఆపేసే వ్యాయామం వల్ల ఉపయోగం తక్కువ, అందుకే కింద నేను చెప్పేవన్నీ ఇంట్లో ఉన్న వస్తువులతోనే.

ఇప్పుడు మీ ఎమ్మారై సంగతి. మీరు రిపోర్టులోని మాటలన్నీ ఎత్తి రాశారు కాబట్టి దాన్ని చాలాసార్లు చదువుకుని ఉంటారు. నొప్పి ఏ మాత్రం లేనివారికి తీసిన స్కాన్‌లను 2015లో ఒకచోట చేర్చి చూశారు. 20 ఏళ్ల వయసువారిలో 37 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్క్ అరుగుదల ఉంది. డిస్క్ ఉబ్బు 20 ఏళ్లవారిలోనే 30 శాతం మందికి ఉంది. వీరెవరికీ నడుం నొప్పి లేదు. మీ వయసులో మీ స్టాఫ్‌రూములో ఉన్నవారందరికీ ఎమ్మారై తీస్తే చాలామందికి మీ రిపోర్టే వస్తుంది. డిస్క్ ‘జారడం’ అనేది కూడా తప్పుదోవ పట్టించే మాట. అది పైనా కిందా వెన్నుపూసలకు అతుక్కుని ఉంటుంది. లోపలి గుజ్జు బయటికి పొడుచుకొచ్చి నరాన్ని నొక్కిన సందర్భాల్లో కూడా, చాలామందిలో శరీరమే నెలల వ్యవధిలో ఆ గుజ్జును కరిగించుకుంటుంది. మీకు అంత వరకూ రాలేదు.

మూడు నెలలు దాటిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటాం. అప్పటికి మొదట్లో తగిలిన దెబ్బ చాలావరకు మానిపోయి ఉంటుంది, నొప్పిని పసిగట్టే వ్యవస్థ మాత్రం అతిగా మేల్కొని ఉంటుంది. ఒకసారి దొంగలు పడిన ఇంట్లో కుక్క ఆ తర్వాత పాలవాడు వచ్చినా మొరుగుతుంది. మొరుగు నిజమే, దొంగ లేడు. మీ నొప్పి కూడా నిజమే. ఊహ కాదు, మానసికం అంటూ కొట్టిపారేసేది కాదు. కానీ వంగినప్పుడు నొప్పి పుట్టిందంటే లోపల ఏదో తెగుతోందని అర్థం కాదు. నిద్ర చాలకపోతే, పరీక్షల పేపర్లు దిద్దే రోజుల్లో, ఇంట్లో ఆందోళన ఉంటే అదే పనికి ఎక్కువ నొప్పి వస్తుంది. మీరే రాశారు, వేసవి సెలవుల్లో తగ్గుతుందని. డిస్క్‌కు సెలవులు తెలియవు కదా!

ఏం చేయాలి

మొదటిది నడక. 2024లో ఆస్ట్రేలియాలో 701 మందిపై చేసిన అధ్యయనంలో, నడుం నొప్పి తగ్గినవారిని క్రమంగా నడక పెంచుకుంటూ వారానికి ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాల లక్ష్యం వైపు తీసుకెళ్లారు. మళ్లీ నొప్పి రావడానికి వారికి పట్టిన మధ్యస్థ కాలం 208 రోజులు, ఈ నడక కార్యక్రమం ఇవ్వనివారికి 112 రోజులు. మీకు నొప్పి ఇంకా ఉంది కాబట్టి ఇది అచ్చంగా మీ కేసు కాదు. అయినా ఇంత చవకైన, ఇంత సురక్షితమైన చికిత్స నా దగ్గర వేరేది లేదు. మీరు ఎన్ని నిమిషాలు నడిస్తే నొప్పి పెరగడం మొదలవుతుందో చూడండి. 15 నిమిషాలు అనుకుంటే 12 నిమిషాలతో మొదలుపెట్టండి. వారానికి ఒకటి రెండు నిమిషాలు పెంచండి.

రెండోది బలం. వారానికి మూడు రోజులు, రోజు మార్చి రోజు, 20 నిమిషాలు చాలు.

చేతులు, మోకాళ్లు నేల మీద ఆనించి నడుమును నెమ్మదిగా పైకి గుండ్రంగా, కిందికి లోతుగా ఎనిమిది పదిసార్లు కదపండి. ఇది సన్నాహం. తర్వాత అదే భంగిమలో కుడి చేయి, ఎడమ కాలు ఒకేసారి చాచి ఐదారు సెకన్లు ఆపి, మార్చండి. నడుం ఊగకూడదు, అదే అందులోని పని. ఆ తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి తొంటిని పైకెత్తండి, పదిసార్లు. యోగాలో సేతుబంధాసనం చేసి ఉంటే మీకు తెలిసినదే. పిర్రల కండరాలు పని చేయాలి, తొడ వెనక పట్టేస్తే పాదాలను ఇంకాస్త దగ్గరకు తెచ్చుకోండి. పక్కకు తిరిగి మోచేయి, మోకాలి మీద శరీరాన్ని ఎత్తి పది సెకన్లు, రెండు వైపులా. ఇక కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పదిసార్లు. ఇవి తేలికైతే రెండో విడత కలపండి.

ఇంతవరకు చాలా కేంద్రాల్లో నేర్పుతారు. అక్కడితో ఆపేస్తారు, అదే నాకున్న అసంతృప్తి. మీ బతుకులో మీరు బియ్యం బస్తా జరుపుతారు, నీళ్ల క్యాన్ ఎత్తుతారు, కింద పడిన చాక్‌పీసు తీస్తారు. చాప మీద పడుకుని కాలెత్తినంత మాత్రాన వీటికి నడుం సిద్ధం కాదు. బరువు ఎత్తడం వ్యాయామంలో భాగం కావాలి. మూడో వారం నుంచి ఐదు కిలోల బియ్యం సంచిని స్టూలు మీది నుంచి ఎత్తి దించండి, ఎనిమిదిసార్లు, రెండు విడతలు. తొంటి దగ్గర వంగుతూ, మోకాళ్లు కొంచెం మడిచి, సంచిని ఒంటికి దగ్గరగా పట్టుకుని. రెండు వారాల తర్వాత అదే సంచిని నేల మీది నుంచి. తర్వాత సగం నీళ్లున్న బకెట్, ఆపైన పది లీటర్ల నిండు బకెట్. నాలుగైదు నెలలకు 20 లీటర్ల క్యాన్‌ను నేల మీది నుంచి భయం లేకుండా ఎత్తగలగాలి. నడుం కొంచెం గుండ్రంగా వంగినా కంగారు పడకండి. ‘వీపు కర్రలా ఉంచాలి’ అన్న భయమే చాలామందిని మరింత బిగుసుకుపోయేలా చేస్తుంది.

మూడోది నొప్పిని చదవడం. సున్నా నుంచి పది వరకు కొలతలో, చేసేటప్పుడు మూడు నాలుగు దాకా నొప్పి ఉండవచ్చు. మర్నాటి ఉదయానికి మామూలు స్థాయికి దిగితే మీరు చేసింది సరిపోయింది. దిగకపోతే తర్వాతి సారి పావు వంతు తగ్గించండి, మానేయకండి. బాగున్న ఆదివారం ఇల్లంతా దులిపేసి, సోమ మంగళవారాలు మంచం మీద గడపడం మీ ఉత్తరంలో కనబడింది. బాగున్న రోజు కూడా అనుకున్నంతే చేయండి, బాగాలేని రోజు కూడా కొంతైనా చేయండి. నేను చెప్పినవాటిలో ఇది అన్నిటికంటే కష్టమైన మెట్టు, ఎందుకంటే ఒళ్లు చెప్పినట్టు కాకుండా గడియారం చెప్పినట్టు నడుచుకోవాలి.

ఒకటి రెండుసార్లు నొప్పి ఎగదన్నుతుంది. తప్పకుండా జరుగుతుంది, ముందే చెబుతున్నాను. అప్పుడు రెండు రోజులు బరువులు ఆపి, వేడి కాపడం పెట్టుకుని, నడకను సగానికి తగ్గించి కొనసాగించండి. పూర్తి విశ్రాంతి మాత్రం వద్దు. ఎమ్మారై మళ్లీ తీయించుకోవద్దు.

వరి నాట్లు వేసే ఒకావిడ నాకు చాలా నేర్పింది. రోజంతా వంగి పని. పెద్దాసుపత్రిలో ‘వంగకూడదు’ అన్నారట. వంగకపోతే కూలి ఎలా వస్తుందని ఆమె ప్రశ్న. వివరాలు అడిగితే తెలిసిందేమిటంటే, నెలల తరబడి వంగే పని లేకుండా ఉండి, నాట్లు మొదలవగానే ఒక్కసారిగా రోజంతా వంగుతోంది. వంగడం సమస్య కాదు, సున్నా నుంచి ఎనిమిది గంటలకు ఒక్క రోజులో ఎగరడం సమస్య. నాట్లకు రెండు నెలల ముందు నుంచే ఇంట్లో వంగి చేసే వ్యాయామాలు, బరువులు మొదలుపెట్టించాను. నాట్ల రోజుల్లో గంటకోసారి నిలబడి వెనక్కి పదిసార్లు వంగమన్నాను. నొప్పి పూర్తిగా పోలేదు. కానీ ఆ సీజన్‌లో కూలి పోలేదు. ఆమెకు కావలసింది అదే.

ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన ఒకాయనది ఇంకో రకం. ఎమ్మారై చూసినప్పటి నుంచి చెప్పులు కూడా భార్యే తొడగాలి. బెల్టు తీస్తే నిలబడలేనని నమ్మకం. ఆయనకు నేను చేతి చికిత్స చేశాను, మజిల్ ఎనర్జీ పద్ధతిలో. లేవగానే ‘ఇప్పుడు వంగండి’ అన్నాను. వంగారు. ‘ఏమీ కాలేదు చూశారా, మళ్లీ వంగండి.’ ఆ రోజు పది నిమిషాల చికిత్స, అరగంట వంగడం. చేతి చికిత్స నిజమైన ఉపయోగం నాకు ఇక్కడే కనబడుతుంది: భయపడుతున్న కదలికను చేసి చూసుకునే వెసులుబాటు అది. బెల్టు మొదట గంట, తర్వాత సగం పూట, తర్వాత పూర్తిగా తీసేయించాం.

బెల్టు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పిపై మార్గదర్శకాలు విడుదల చేసింది. నొప్పి గురించి అవగాహన, వ్యాయామం, వెన్నుకు చేసే చేతి చికిత్స, మర్దన, ఆలోచనా ధోరణిని మార్చే చికిత్స — వీటిని వాడవచ్చంది. ట్రాక్షన్ (నడుమును లాగి పట్టడం), అల్ట్రాసౌండ్ (ధ్వని తరంగాలతో చేసే చికిత్స), టెన్స్ యంత్రం (చర్మం మీద నుంచి కరెంటు పెట్టేది), నడుం బెల్టు — వీటిని మామూలుగా వాడవద్దంది. మన ఊళ్లలో ఫిజియోథెరపీ పేరిట జరిగేదాంట్లో పెద్ద భాగం ఈ రెండో జాబితాలోనే ఉంది. పది రోజులు కరెంటు పెట్టించుకుని ‘ఫిజియో కూడా అయిపోయింది, తగ్గలేదు’ అని వచ్చేవారికి నిజానికి ఫిజియోథెరపీ ఇంకా మొదలే కాలేదు. మా వృత్తి బయటపెట్టుకుని మార్చుకోవాల్సిన సంగతి ఇది.

మందుల గురించి మీ డాక్టరే చెప్పాలి. ఒక్కటి మాత్రం అంటాను. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలను నెలల తరబడి వాడితే కడుపులో పుండు పడవచ్చు, మూత్రపిండాలూ దెబ్బతినవచ్చు. మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి ఈ జవాబు చదివేవారు ఉంటే, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా ఆ మాత్రలు ముట్టవద్దు. పేరు చెప్పని పొడులు, ‘ఒక్క సూదితో’ తగ్గించే మందుల్లో స్టెరాయిడ్లు ఉండవచ్చు. అవి దీర్ఘకాలంలో ఎముకలనే గుల్ల చేస్తాయి.

ఇవి ఉంటే ఈ జవాబు పక్కన పెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ మొద్దుబారడం, రెండు కాళ్లలో బలం తగ్గడం: ఇవి గంటల్లో చూపించుకోవాల్సినవి, శస్త్రచికిత్స అవసరం కావచ్చు. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే మన దేశంలో వెన్నెముక క్షయను తప్పక అనుమానించాలి. గతంలో క్యాన్సర్ వచ్చినా, పెద్ద వయసులో చిన్నగా పడ్డాక నొప్పి మొదలైనా కూడా డాక్టరుకు చూపించుకోవాలి. ఇంకొకటి తరచుగా తప్పిపోతుంది. పాతికేళ్ల కుర్రాడు ఒకడు నా దగ్గరికి వచ్చేముందు నెలల పాటు నడుముకు ఉదుటు చికిత్స చేయించుకున్నాడు. తెల్లవారుజామున నొప్పితో మెలకువ, లేచాక గంటసేపు బిగుసుకుపోవడం, నడిస్తే తగ్గడం, విశ్రాంతిలో పెరగడం. అది ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్, వాపుతో కూడిన జబ్బు. రుమటాలజిస్టు (కీళ్లవాతం నిపుణుడు) దగ్గరికి పంపాను. అలాంటి వెన్నును ఉదుటున తిప్పడం ప్రమాదకరం. మీకు ఉదయం బిగుసుకుపోవడం అరగంట దాటుతోందా అన్నది మీరు రాయలేదు, గమనించుకోండి.

ఇక మీ ప్యాకేజీ. వాళ్లతో మాట్లాడి, మిగిలిన పదిలో రెండు మూడింటిని పది పదిహేను రోజుల ఎడంతో పెట్టమని అడగండి. చికిత్స అయిన రోజునే నడక, మర్నాడే బరువుల వ్యాయామం పెట్టుకోండి. మిగిలిన డబ్బు తిరిగి ఇస్తారేమో అడగండి. ఇవ్వకపోతే ఆ సమయాన్ని మీ వ్యాయామం సరిచూడటానికి వాడమనండి. మంచి చికిత్సకుడు ఈ మాటకు సంతోషిస్తాడు. ‘పూర్తి చేయకపోతే ఎముక మళ్లీ జరుగుతుంది’ అని భయపెడితే అక్కడికి వెళ్లడం మానేయండి.

చివరిగా కింద కూర్చోవడం. పూజ దగ్గర, భోజనం దగ్గర ఏడాదిగా కుర్చీ వేసుకుంటున్నానని, అది మీకు చిన్నతనంగా ఉందని రాశారు. మానాల్సిన అవసరం లేదు, నెమ్మదిగా తిరిగి అలవాటు చేసుకోవాలి. మొదట గోడకు ఆనుకుని, పిర్రల కింద మడిచిన దుప్పటి పెట్టుకుని మూడు నిమిషాలు బాసిపట్టు వేసి కూర్చోండి. అలాగే రోజుకు నాలుగైదుసార్లు. వారానికి రెండు నిమిషాలు పెంచండి, మూడో వారంలో గోడ, ఐదో వారంలో దుప్పటి తీసేయండి. లేచేటప్పుడు ఒక మోకాలు ముందుకు పెట్టి, తొడ మీద చేయి ఆనించి లేవండి. ఆరు వారాల తర్వాత నడక ఎన్ని నిమిషాలకు వచ్చిందో, ఎంత బరువు ఎత్తుతున్నారో, కింద ఎంతసేపు కూర్చోగలుగుతున్నారో ఇక్కడే రాయండి. నొప్పి అంకెను మాత్రం అప్పటిదాకా రోజూ రాసుకోకండి. ఈ మూడు అంకెలు చాలు, వాటిని చూసి తర్వాత ఏం మార్చాలో చెబుతాను.